అమ్మ ఇంట్లో ఏసీ, గీజర్ పాయింట్లకు 18,450 బిల్లు: ఇచ్చేయాలా, అడగాలా?

హరి_హన్మకొండ
అందరికీ నమస్తే. నేను ఉండేది బెంగళూరులో. హన్మకొండలో అమ్మ ఒక్కతే ఉంటుంది. పాత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోరే. ఈ ఎండలకు బెడ్‌రూంలో ఏసీ పెట్టిద్దామనుకున్నాం. పనిలో పనిగా బాత్రూంలో గీజర్ పాయింటు కూడా వేయమన్నాం. మా వీధిలో ఏళ్ల తరబడి పని చేస్తున్న ఎలక్ట్రీషియనే చేశాడు. రేటు ముందు మాట్లాడుకోలేదు. "నువ్వు చెయ్యి బాబూ, తర్వాత చూసుకుందాం" అందట అమ్మ. పని అయ్యాక నోట్‌బుక్ కాగితం మీద రాసిచ్చిన లెక్క ఇది:

4 స్క్వేర్ (చదరపు మి.మీ.) వైరు, 90 మీటర్ల కాయిల్ 1 – 6,200
ఏసీ బాక్సు – 850
గీజర్‌కు 16 ఆంప్స్ స్విచ్, సాకెట్, పెట్టె – 480
20 ఆంప్స్ ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు) 2, చిన్న డబ్బాతో – 520
పైపు, కేసింగ్ పట్టీ, బెండ్లు – 1,100
చిల్లర సామాను – 1,900
లేబర్ – 7,000
రాకపోకలు – 400
మొత్తం – 18,450

షాపు బిల్లు ఒక్కటీ లేదు. మీటరు దగ్గరి బోర్డు నుంచి ఏసీ దాకా దారి 14 మీటర్లు, గీజర్ దాకా 10 మీటర్లు ఉంటుంది. హాల్లో వైరు గోడ పైన కేసింగ్ పట్టీలో పోయింది, బెడ్‌రూంలో గోడ కోసి పైపు లోపల పెట్టారు. అమ్మ 10,000 ఇచ్చింది, మిగతాది నన్ను పంపమంటున్నారు. న్యాయమైన బిల్లేనా?

గోపి_గుంటూరు
దోచేశాడు బ్రో. మా దగ్గర ఏసీ పాయింటు లేబర్ 1,500. రెండు పాయింట్లకు 3,000. డబుల్ కంటే ఎక్కువ తీసుకున్నాడు. పెద్దావిడ ఒక్కతే ఉందని చూసి వేసిన రేటు ఇది.

శైలజ_కూకట్‌పల్లి
గోపి గారూ, మీ 1,500 దేనికి? కొత్త ఇంట్లో ముందే పైపులు వేసి ఉంటే వైరు లాగి బాక్సు బిగించడానికా, పాత ఇంట్లో గోడ కోసి, పైపు పెట్టి, సిమెంటు పూసి ఇవ్వడానికా? రెండింటినీ పాయింటు అనే అంటారు, పని మాత్రం నాలుగింతలు తేడా. మా ఫ్లాటులో బిల్డరు పైపు వేసి పెట్టాడు కాబట్టి ఏసీ పాయింటు గంటలో అయిపోయింది. మా అత్తగారింట్లో అదే పాయింటుకు ఒక రోజంతా దుమ్ము తిన్నాం.

హరి గారూ, మొత్తం మీద ఎక్కువా తక్కువా అని ఎవరూ చెప్పలేరు. సామాను వేరుగా, లేబర్ వేరుగా చూడండి. నాకు వెంటనే గుచ్చుకున్నది 'చిల్లర సామాను 1,900'. ఏసీ బాక్సు కంటే, గీజర్ సెట్టు కంటే చిల్లరే ఎక్కువా?

వైర్‌మన్_వెంకన్న
నేను కరీంనగర్‌లో ఇదే పని చేస్తాను, అందుకని మా వాళ్ల పక్షం మాట్లాడతానని అనుకోకండి. ఒక్కో లైను చూద్దాం.

4 స్క్వేర్ వైరు సరైనదే. గీజర్ 2,000 వాట్స్ అనుకుంటే సుమారు 9 ఆంప్స్ లాగుతుంది, 1.5 టన్ను ఏసీ కూడా ఇంచుమించు అంతే. గీజర్‌కు 2.5 స్క్వేర్ కూడా సరిపోతుంది. కానీ రెండు సైజులు తెస్తే రెండు కాయిళ్లు కొనాలి, ఒకే కాయిల్‌తో రెండూ చేస్తే యజమానికే లాభం. బాగానే ఆలోచించాడు. ఎంసీబీ మాత్రం గీజర్‌కు 16 ఆంప్స్‌ది వేయాల్సింది. సాకెట్ 16 ఆంప్స్‌ది అయినప్పుడు దాని వెనక 20 ఎందుకు? మార్చమనండి, పెద్ద ఖర్చు కాదు.

లేబర్. మా వైపు మిస్త్రీ రోజు కూలి 1,200, హెల్పర్‌కు 700. ఇద్దరు రెండు రోజులంటే 3,800. కానీ రోజు కూలి లెక్కన ఎవరూ ఇంటి పని ఒప్పుకోరు. కట్టర్ బ్లేడు అరుగుతుంది, సామాను కోసం షాపుకు రెండు మూడు సార్లు తిరగాలి, రేపు ట్రిప్ అయితే మళ్లీ వచ్చి ఊరికే చూడాలి. ఇవన్నీ కలిపి నేనైతే 5,000, మహా అయితే 5,500 తీసుకునేవాణ్ని. 7,000 ఎక్కువే. దోపిడీ అనను.

వీటన్నిటికంటే ముందు ఇంకొకటి చూడండి. మిగిలిన వైరు ఎక్కడుంది?

శైలజ_కూకట్‌పల్లి
అవును! ఆ లెక్క ఎవరూ వేయలేదు. దారి 14, 10 కలిపి 24 మీటర్లు. 90 మీటర్ల కాయిల్‌కు డబ్బు తీసుకున్నాడు.

షాపు_సత్యం
మాది ఖమ్మంలో ఎలక్ట్రికల్ షాపు. వైరు రేటు గురించి రెండు మాటలు. కాయిల్ డబ్బా మీద ఎంఆర్‌పీ ఒకటి ఉంటుంది, షాపులో దాని మీద మంచి తగ్గింపు ఇస్తాం. కంపెనీని బట్టి, కొనేవాడిని బట్టి తగ్గింపు మారుతుంది. రాగి ధరతో పాటు వైరు రేటూ మారుతుంటుంది, పోయిన నెల రేటు ఈ నెల చెప్పలేను. ప్రస్తుతం పేరున్న కంపెనీ 4 స్క్వేర్ కాయిల్ మా దగ్గర 5,600కు పోతోంది. 6,200 అంటే ఎంఆర్‌పీ దాటలేదు గానీ షాపు రేటు కూడా కాదు.

మధ్యలో ఆ 600 ఏంటంటే కమీషన్. దాచేదేముంది, అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. షాపువాళ్లు మిస్త్రీకి కొంత ఇస్తారు. కంపెనీలు కూడా డబ్బాలో కూపన్లు పెడతాయి, మిస్త్రీ ఫోన్లో స్కాన్ చేసుకుంటే పాయింట్లు పడతాయి. అది నచ్చకపోతే సామాను లిస్టు రాయించుకుని మీరే వచ్చి కొనండి. కానీ అప్పుడు లేబర్ రేటు కాస్త పెంచుతాడు, అది కూడా తెలుసుకోండి.

వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అని (వైర్ల ప్రమాణం నంబరు) అచ్చు ఉందో లేదో చూడండి. లేకపోతే 6,200 కాదు, 3,000 కూడా ఎక్కువే.

హరి_హన్మకొండ
అందరికీ థాంక్స్. అమ్మతో మాట్లాడాను. మొదటి రోజు పదకొండింటికి వచ్చి నాలుగింటికల్లా ఇంకో సైటుకు వెళ్లిపోయారట. రెండో రోజు పొద్దున్నుంచి చీకటి పడే దాకా చేశారు. రెండు రోజులూ మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. అమ్మ గట్టిగా చెప్పిన మాట వేరే: "రాత్రి పదింటికి కరెంటు పోయినా పిలిస్తే వస్తాడు. నువ్వు అక్కడ కూర్చుని అతనితో గొడవ పెట్టుకోకు."

మిగిలిన వైరు చుట్ట ఇంట్లోనే ఉందట, అటక మీద పెట్టించింది. ఎంత ఉందో ఆవిడకు తెలియదు.

గోపి_గుంటూరు
అమ్మగారు మంచివారు కాబట్టే ఈ రేటు. రెండో రోజే అసలు పని జరిగింది, మొదటి రోజు సగమే. ఒకటిన్నర రోజుకు 7,000. సాఫ్ట్‌వేర్ వాళ్లకు కూడా అంత రాదు 😄

లైన్‌మన్_తాతయ్య
విద్యుత్ శాఖలో పని చేసి రిటైర్ అయిన వాణ్ని. మీరంతా రూపాయల గురించి మాట్లాడుతున్నారు. బిల్లులో ఏది ఉందో చూశారు, ఏది లేదో చూడలేదు.

ఈ లిస్టులో పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, ఎక్కడుంది? 4 స్క్వేర్ కాయిల్ ఒక్కటే రాశాడు. ఒక కాయిల్ అంటే ఒకే రంగు. ఫేజు, న్యూట్రల్ దానితోనే లాగాడనుకుందాం. మరి ఎర్త్? ఏసీకి, గీజర్‌కు ఎర్త్ లేకపోతే ప్రమాదం. గీజర్ లోపల ఎలిమెంట్ పాడైతే కరెంటు నీళ్లలోకి, కుళాయిలోకి వస్తుంది. పెద్దావిడ ఒక్కరే ఉండే ఇంట్లో ఇది ముందు తేల్చండి, డబ్బు సంగతి తర్వాత. తేలే దాకా గీజర్ వేయవద్దని అమ్మగారికి చెప్పండి.

రెండోది, ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, లేదు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషికి షాక్ కొట్టేటప్పుడు పోయే కరెంటు చాలా తక్కువ, 20 ఆంప్స్ ఎంసీబీ దానికి కదలదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటే వెంటనే పడిపోతుంది.

మూడోది, కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి ఒప్పుకున్న కిలోవాట్లు, ఎంత రాసి ఉందో చూడండి. పాత ఇళ్లకు చాలా తక్కువ ఉంటుంది. ఏసీ, గీజర్ కలిస్తేనే మూడు కిలోవాట్లు దాటుతుంది. మీకు కరెంటిచ్చేది టీజీఎన్‌పీడీసీఎల్ కదా, లోడ్ పెంచమని మీరే ముందు దరఖాస్తు పెట్టుకోండి. ఆ ఖర్చు మిస్త్రీ కాగితంలో ఉండదు, ఉండకూడదు కూడా.

వైర్‌మన్_వెంకన్న
తాతయ్య గారు అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. హరి గారూ, మిగిలిన వైరును బట్టే ఎర్త్ లాగాడో లేదో సగం తెలిసిపోతుంది. రెండు వైర్లే లాగి ఉంటే 24 మీటర్లకు 48, కొసలకు మూడు నాలుగు కలిపి 52 దాకా ఖర్చవుతుంది, దాదాపు 38 మీటర్లు మిగలాలి. మూడు లాగి ఉంటే 72, కొసలతో 76, 77. పదమూడు, పద్నాలుగు మీటర్లే మిగులుతుంది.

కొన్ని కంపెనీల వైరు మీద మీటరుకొక అంకె అచ్చు వేసి ఉంటుంది. చుట్ట రెండు కొసల్లో ఏ అంకెలు ఉన్నాయో ఎవరితోనైనా చూపించండి.

న్యూజెర్సీ_నాని
మా దగ్గర ఎలక్ట్రీషియన్ గుమ్మం తొక్కితేనే వంద డాలర్ల పైన. ఇలాంటి కొత్త సర్క్యూట్‌కు టౌన్‌షిప్ పర్మిట్ తీసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. 18,000 రూపాయలకు రెండు పాయింట్లంటే నాకైతే చవకే.

శైలజ_కూకట్‌పల్లి
నాని గారూ, డాలర్లలో చూస్తే ఇక్కడ ఇడ్లీ కూడా చవకే. కానీ ఆ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడటం అనేది మాత్రం మాకు కావాలి. ఇక్కడ చూసేవాడు లేకనే ఈ తంటా అంతా.

రాజు_విశాఖ
వినియోగదారుల కమిషన్‌లో వేయండి సార్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. సామాను విలువ, సేవల విలువ కలిపి 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. జీఎస్టీ బిల్లు అడగండి, దెబ్బకు దారికొస్తాడు.

పద్మ_అకౌంట్స్
రాజు గారూ, కాస్త ఆగండి. సేవలు అందించేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీధి ఎలక్ట్రీషియన్ దగ్గర జీఎస్టీ బిల్లు లేకపోవడం తప్పు కాదు. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే అతను కాగితం మీద జీఎస్టీ అని కలపలేదు. రిజిస్ట్రేషన్ లేకుండా 18 శాతం కలిపి ఉంటే అప్పుడది తప్పు. అలా కలిపినవాళ్లు ఎవరైనా తగిలితే 15 అక్షరాల నంబరు అడిగి జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి. తెలంగాణది 36తో, ఆంధ్రది 37తో మొదలవుతుంది.

షాపు బిల్లు అడగటం మాత్రం మీ హక్కు. వైరు, ఎంసీబీలు షాపులోనే కొన్నాడు కదా. ఆ బిల్లు వారంటీకి కూడా పనికొస్తుంది. ఇక రెండు వేలో మూడు వేలో ఎక్కువ తీసుకున్నాడని, రాతపూర్వకంగా ఒప్పందం ఏమీ లేకుండా, కమిషన్ మెట్లెక్కితే మీ సెలవులు ఖర్చవడమే. పని పాడు చేసి ఇల్లు కాలబెట్టాడంటే అది వేరే మాట.

హరి_హన్మకొండ
అప్‌డేట్. చిన్నాన్న కొడుకు కాజీపేటలో ఉంటాడు, డిప్లొమా చేశాడు. సాయంత్రం మల్టీమీటర్ తీసుకుని వెళ్లాడు. వైరు మంచి కంపెనీదే, ఐఎస్ఐ గుర్తు ఉంది, అంకెలు కూడా ఉన్నాయి. మిగిలిన చుట్ట ఒక కొసలో 77, ఇంకో కొసలో 90.

ఏసీ బాక్సు దగ్గర ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 228 వోల్టులు. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య 3. గీజర్ దగ్గరా ఇంచుమించు అంతే.

వైర్‌మన్_వెంకన్న
అయితే మూడు వైర్లు లాగాడు. 77 మీటర్లు పనిలోనే వాడాడు, మిగిలింది మీ ఇంట్లోనే వదిలేశాడు. చాలామంది మిగిలిన ముక్క సంచిలో వేసుకుని పోతారు, మొహమాటం లేకుండా చెప్తున్నా. ఇతను పోలేదు. వైరు విషయంలో మనిషి నిజాయితీగా ఉన్నాడు.

ఒక్క లోపం మాత్రం ఉంది. మూడూ ఒకే రంగు. రేపు ఇంకొకడు వచ్చి బాక్సు విప్పితే ఏది ఎర్తో ఏది ఫేజో తెలియదు. రెండు చివర్లలో పచ్చ టేపు గానీ పచ్చ స్లీవ్ గానీ చుట్టమనండి. రెండు పాయింట్లకు, బోర్డు దగ్గర కూడా. 20 రూపాయల టేపు.

లైన్‌మన్_తాతయ్య
మల్టీమీటర్ రీడింగ్ బాగుంది. అయినా పాత ఇల్లు అన్నారు కాబట్టి ఒక మాట. మీటర్లో వోల్టేజి చూపించినంత మాత్రాన ఎర్త్ బలంగా ఉన్నట్టు కాదు, మీటరు కరెంటు లాగదు కదా. పెరట్లో ఎర్త్ పైపు ఎక్కడుందో వెతకండి, క్లాంపు తుప్పు పట్టి ఉంటుంది. వైరు తీసి, గీకి, బిగించమనండి. వేసవిలో ఆ ఎర్త్ పైపు గుంటలో నాలుగు బిందెల నీళ్లు పోయండి. మేము సర్వీసులో ఉన్నప్పుడు ఫేజుకు, ఎర్త్‌కు మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూసేవాళ్లం. నిండుగా వెలిగితే సరే, మసకగా వెలిగితే గుంట చూడాలి. తెలిసినవాళ్లే చేయాలి, అమ్మగారి చేత చేయించకండి.

ఆర్‌సీసీబీ మాట మరిచిపోవద్దు.

గోపి_గుంటూరు
సరే, వైరు లెక్క తేలింది. మరి చిల్లర 1,900? స్క్రూలు, ఇన్సులేషన్ టేపు, సిమెంటు కలిపి 500 కూడా కాదు. అక్కడ దొరికాడు.

షాపు_సత్యం
రెండు పాయింట్లకు స్క్రూలు, ప్లగ్గులు, టేపు, లగ్గులు 300. చిన్న సంచి సిమెంటు, పుట్టీ 250. ఒక కట్టర్ బ్లేడు కూడా కలుపుకుందాం. 800 దాటదు. ఇంకేదో వేసి రాయకపోయి ఉండాలి, లేదా ఊరికే రాసి ఉండాలి. అడిగి చూడండి. "ఎందుకు ఎక్కువ వేశావు" అని మొదలుపెట్టకండి. "చిల్లరలో ఏమేం వచ్చాయో రాసి పంపన్నా, దాచుకుంటాను" అనండి. నిజంగా వేసినవాడు టకటకా చెప్తాడు.

హరి_హన్మకొండ
సత్యం గారు చెప్పినట్టే అడిగాను. ఫోన్లోనే చెప్పాడు. మెయిన్ దగ్గర పాత కిట్‌క్యాట్ ఫ్యూజు (పింగాణీది) నల్లగా కాలిపోయి ఉంటే అది తీసి కొత్తది వేశాడట. బెడ్‌రూం బోర్డులో రెండు స్విచ్‌లు కూడా మార్చాడట. ఫొటో తీయించి చూశాను, కొత్తవే ఉన్నాయి. అమ్మ కూడా "అవును, ఆ స్విచ్ నొక్కితే చిటపటలాడేది, నేనే మార్చమన్నాను" అంది. ఇవన్నీ కలిపినా 1,900 రాదని నేనన్నాను. కాసేపు ఆలోచించి "ఒక వెయ్యి తీసేయండి, రాకపోకలు కూడా వదిలేయండి" అన్నాడు. అంటే 17,050. పై 50 కూడా వద్దు, 17,000 చాలన్నాడు.

లేబర్ మాత్రం తగ్గించలేదు. "గోడ కోత మీరు చూడలేదు సార్, ఇటుక కాదు, రాయి తగిలింది" అన్నాడు. అది నిజమేనని తమ్ముడు కూడా అన్నాడు, బెడ్‌రూంలో కింద సగం రాతి గోడే. నేనూ ఇక అడగలేదు.

వైర్‌మన్_వెంకన్న
రాతి గోడ అయితే నేను అన్న 5,500 మాట వెనక్కి. రాతిలో మీటరు కోయడానికి ఇటుకలో నాలుగు మీటర్లు కోసినంత సేపు పడుతుంది. అక్కడ 7,000కు నేను ఒప్పుకునేవాణ్ని.

గోపి_గుంటూరు
రాయి ముందే కనపడదా? పని మొదలుపెట్టాక అమ్మగారికి "ఇక్కడ రాయి ఉంది, కోత ఎక్కువ అవుతుంది, పట్టీ మీద పోనిద్దామా" అని అడగాలి కదా. అడిగి ఉంటే పట్టీ మీదే పోనిచ్చేవాళ్లు, రెండు వేలు మిగిలేవి. నా మాట నాదే.

శైలజ_కూకట్‌పల్లి
ఈసారి గోపి గారితో ఒప్పుకుంటాను. ఖర్చు పెరిగే మలుపు వచ్చినప్పుడు చేయి ఆపి అడగడం మిస్త్రీ పని. హరి గారూ, ఆర్‌సీసీబీ పనికైనా ముందు కాగితం మీద రాయించుకోండి: సామాను ఏ కంపెనీది, ఎన్ని, రేటు ఎంత, లేబర్ ఎంత, కోత ఎక్కువైతే ఎంత.

హరి_హన్మకొండ
మిగతా 7,000 పంపాను. పచ్చ టేపు, గీజర్‌కు 16 ఆంప్స్ ఎంసీబీ ఆదివారం వచ్చి ఉచితంగా మారుస్తానన్నాడు. ఆర్‌సీసీబీకి, దాని డబ్బాకు, ఎర్త్ గుంట బాగు చేయడానికి వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. సామాను 2,900, లేబర్ 1,200 అని పంపాడు. సత్యం గారూ, 40 ఆంప్స్, 30 మిల్లీ ఆంప్స్, రెండు పోల్స్‌ది, పేరున్న కంపెనీదే. రేటు ఎలా ఉంది?

షాపు_సత్యం
డబ్బాతో కలిపి అయితే సరిపోయింది. ఆర్‌సీసీబీ మీద ఐఎస్ 12640 (దాని ప్రమాణం నంబరు) ఉందో చూడమనండి. బిగించాక దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టక్కున పడాలి. మీ తమ్ముడు దగ్గరుండి ఆ బటన్ నొక్కించాకే డబ్బు ఇవ్వండి.